అవ్వ చివరి బోర్డు

మా అవ్వ నిలబడి రాసేది. కూర్చుంటే తనకు ఒక్క వాక్యం కూడా తోచదనేది. సాయంత్రం నాలుగింటికి బడి గంట కొట్టి పిల్లలు వెళ్ళిపోయాక, తరగతి గది తలుపు దగ్గరగా వేసి, పొద్దుట రాసిన ఎక్కాలు తుడిచేసి, అదే బోర్డు మీద సుద్దముక్కతో కథ మొదలుపెట్టేది. బోర్డు నిండాక నాలుగడుగులు వెనక్కి వచ్చి, పిల్లల బల్లల మధ్య నిలబడి చదువుకునేది. నచ్చని వాక్యాన్ని చీర కొంగుతో తుడిచేది. డస్టర్ పక్కనే ఉన్నా సరే, కొంగే. మిగిలింది నోటుబుక్కులోకి ఎక్కించుకుని, బోర్డు శుభ్రం చేసి, ఆరింటి బస్సుకు ఇంటికి వచ్చేది. ముప్పై ఏళ్ళకు పైగా టీచరు ఉద్యోగం చేసింది, ముప్పై ఏళ్ళూ ఇలాగే రాసింది.

నాలుగు పుస్తకాలు అచ్చయ్యాయి. కొన్నవాళ్ళకన్నా ఊరికే పుచ్చుకున్నవాళ్ళు ఎక్కువ. చుట్టాల పెళ్ళిళ్ళకు తన పుస్తకమే కానుకగా ఇచ్చేది. స్టీలు బిందె కోసం చెయ్యి చాచిన పెళ్ళివాళ్ళు ఆ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, బొమ్మలు లేవా అని అడిగేవాళ్ళు. శుభలేఖలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళ ముందే ఎర్ర పెన్ను తీసి తప్పులు దిద్ది, చేతికి తిరిగిచ్చేది. ఆమెకు శుభలేఖ ఇవ్వాలంటే మావాళ్ళలో సగం మందికి భయం.

హోసూరు దగ్గర ఉద్దనపల్లిలో మా ఇంట్లో ఉండేది ముగ్గురం. అవ్వ, అమ్మ, నేను. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. మా వైపు తెలుగు మాట్లాడే ఇళ్ళు కోకొల్లలు, చదివే ఇళ్ళు తక్కువ. మా తరం పిల్లలం ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం రాసి, సంతలో అవసరమైతే కన్నడం ఆడి పెరిగినవాళ్ళం. నాకు తెలుగు అక్షరాలు బడిలో రాలేదు. ఆదివారాలు అవ్వ చెవి మెలిపెట్టి నేర్పిస్తే వచ్చాయి. అప్పుడు ఏడ్చాను కానీ, ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది ఆ మెలిపెట్టిన చెవి వల్లనే.

రిటైరయ్యాక అవ్వ రాయలేకపోయింది. అమ్మ ఆమెకు బల్ల కొనిచ్చింది, కుర్చీ కొనిచ్చింది, గీతల కాగితాలు కట్టలకొద్దీ తెచ్చిపెట్టింది. అవ్వ పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఆఫీసుకు వచ్చినదానిలా కుర్చీలో కూర్చునేది. పదింటికి లేచి చిక్కుడుకాయలు వలిచేది. అలా రెండేళ్ళు గడిచాయి. వయసైపోయింది, చాలించిందిలే అనుకున్నాం. ఆమె కూడా అలాగే చెప్పేది. చెప్పేటప్పుడు మాత్రం మా మొహాలు చూసేది కాదు.

ఒకసారి హాలుకు సున్నం కొట్టిస్తూ ఉంటే, ఒక గోడ నల్లగా చేయిద్దామా అని నేను నవ్వులాటకు అన్నాను. అవ్వ నవ్వలేదు. ఎంత ఎత్తు, ఎంత వెడల్పు అని చేతులు చాచి కొలిచి చూపించింది. అమ్మ, వచ్చినవాళ్ళు నవ్విపోతారని గొణిగింది. అయినా తలుపు పక్కనున్న గోడకు మేస్త్రీ నున్నగా సిమెంటు పూసి నల్ల పెయింటు వేశాడు. ఆరిన రోజునే అవ్వ చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, సుద్దముక్క తీసుకుని నిలబడింది. సాయంత్రానికి బోర్డు నిండింది. రెండేళ్ళుగా కూరలో ఉప్పు ఎక్కువైనా నోరెత్తని మనిషి, ఆ రోజు చారు నీళ్ళలా ఉందని అమ్మతో పోట్లాడింది. నాకు ప్రాణం లేచివచ్చింది.

కొన్నేళ్ళకు చేతి వణుకు మొదలైంది. పెన్ను పట్టుకుంటే అక్షరం ఎటో పోయేది. సుద్దముక్కతో పెద్ద పెద్ద అక్షరాలకు మాత్రం వణుకు అడ్డం రాలేదు. అప్పటినుంచి బోర్డు మీదిది నోటుబుక్కులోకి ఎక్కించడం నా పని అయింది. ఒక బోర్డు నిండడానికి రెండు మూడు రోజులు పట్టేది. హోసూరులో ఆఫీసు ముగించుకుని, బస్సులో నలిగి ఇల్లు చేరి, కాఫీ తాగి, నోటుబుక్కు తీసుకుని బోర్డు ముందు కూర్చునేదాన్ని. ముగిశాక అవ్వ అడిగేది, రాసుకున్నావా అని. రాసుకున్నాను అంటేనే తుడిచేది. నేను ఆ మాట అనేదాకా ఒక్క అక్షరం మీద చెయ్యి వేసేది కాదు.

ఫోన్లో ఫోటో తీసుకుని ఉంటే సరిపోయేది కదా అని ఇది చదివేవాళ్ళకు అనిపించవచ్చు. తీశాను. మొదట్లో నాలుగైదు బోర్డులు అలాగే తీసి, రాసుకున్నానని చెప్పాను. అవ్వ ఒకరోజు తన కథలో ముసలాయన కుక్క పేరేమిటని అడిగింది. నాకు తెలియలేదు. ఫోటో తీస్తే ఎవరూ చదవరని, చేత్తో రాస్తే చదవక తప్పదని, ఇంకోసారి ఆ ఫోను బోర్డు వైపు తిప్పితే తాను రాయడమే మానేస్తానని చెప్పింది. అన్నంత పనీ చేసే మనిషి. నేను మళ్ళీ ఫోను తిప్పలేదు.

పోయిన ఏడాది అవ్వ చివరి కథ మొదలుపెట్టింది. కథ అని నేనంటున్నాను, ఆమె అనలేదు. అన్ని పుస్తకాల్లోనూ వేరేవాళ్ళ గురించి రాసిన మనిషి ఇందులో మొదటి మాటే 'నేను' అని రాసింది. కల్లావికి అవతల ఒక చిన్న ఊళ్ళో, ఒకే గది ఉన్న బడిలో తన మొదటి ఉద్యోగం. ఆ బడిలో సుద్దముక్కల పెట్టె నెల తిరగకముందే ఖాళీ అయిపోతోంది. హెడ్‌మాస్టరు రెండుసార్లు అడిగాడు. మూడోసారి గట్టిగా అడిగాడు. అంత సుద్ద ఎక్కడికి పోతోందో ఆయనకు తెలియదు. టీచరుకు తెలుసు. రోజూ నాలుగింటి తర్వాత కథలు రాసి అరగదీస్తున్నది తానే.

మూడో బోర్డులో నాలుగో తరగతి పిల్ల ఒకతె వచ్చింది. ఆ పిల్ల పావడా మడతలో సుద్దముక్కలు దొరికాయి. వేలి గోరంతవి, బోర్డు కింద రాలిపడి ఉంటే పొద్దున్నే ఏరుకున్నవి. ఇంట్లో బండ మీద రాసుకోవడానికి. హెడ్‌మాస్టరు ఆ పిల్లను అందరి ముందూ నిలబెట్టి దొంగ అన్నాడు. టీచరు పక్కనే ఉంది. ఆ ముక్కలు నేను పారేసినవి అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. ఉద్యోగం కొత్త, చేసింది తప్పు, నలుగురిలో పరువు. నాలుగో బోర్డు నిండా ఆ అనకపోవడం గురించే రాసింది. మర్నాటినుంచి ఆ పిల్ల బడికి రాలేదు.

అది ఎక్కించుకుంటూ ఉంటే నా చెయ్యి ఆగిపోయింది. నాకు తెలుగు నేర్పిన మనిషి, ఊళ్ళో ఎవరి బిడ్డ బడి మానేసినా వాళ్ళింటి ముందు కూర్చుని పోట్లాడే మనిషి ఇలా చేసిందా అని నమ్మబుద్ధి కాలేదు. ఇది నిజమేనా అని అడిగాను. అవ్వ బోర్డు వైపే చూస్తూ, ముగిసినాక అడుగు, అంది.

అయిదో బోర్డులో టీచరు ఆ పిల్ల ఇంటికి బయలుదేరింది. మిట్టమధ్యాహ్నం, జొన్నచేల గట్టు మీదుగా నడక, కాలికి గుచ్చుకున్న తుమ్మముల్లు. ఆ ఇంటి వాకిట్లో పిల్ల తల్లి గిన్నెలు తోముతోంది. టీచరును చూసి చేతులు కడుక్కుని లేచింది. అక్కడితో అయిదో బోర్డు అయిపోయింది.

ఆరో బోర్డును నేను ఎక్కించుకోలేదు.

ఆఫీసులో ఆడిట్ ఉందని అవ్వతో చెప్పాను. ఆడిట్ ఉన్నది నిజమే, రోజూ ఆలస్యంగా వచ్చిన మాటా నిజమే. అయినా అసలు సంగతి అది కాదు. నాకు కోపం వచ్చింది. ఒక పసిపిల్ల మీద దొంగ అని ముద్ర పడనిచ్చి, ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నడిచి వెళ్ళి, నాలుగు మాటలు చెప్పి, వాళ్ళమ్మ చేతి మంచినీళ్ళు తాగి తిరిగి వచ్చేస్తుంది, అంతే కదా. అంత సులువుగా మాఫీ చేయించుకున్న కథను నా చేత్తో రాయాలా అనిపించింది. ఎనిమిది రోజులు ఆ బోర్డు పక్కనుంచే చెప్పులు వేసుకుని వెళ్ళాను, చెప్పులు విడిచి లోపలికి వచ్చాను. తల తిప్పి చదవలేదు. పైనున్న మొదటి వాక్యం మాత్రం కంట్లో పడక తప్పలేదు. 'సంచి కింద పెట్టి, చెప్పడం మొదలుపెట్టాను.' దాని కింద పదహారో పదిహేడో వరసలు. పంతం పట్టి చదవలేదు. ఇప్పుడు ఆ పంతాన్ని తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అవ్వ రోజూ అడిగింది. ఈ రోజు కుదరలేదు అని రోజూ చెప్పాను. ఆమె కుర్చీ వేసుకుని బోర్డుకు ఎదురుగా కూర్చునేది. రాయడానికి ఖాళీ లేదు, తుడవడానికి నా మాట లేదు.

తొమ్మిదో రోజు పొద్దున అవ్వకు ఊపిరి అందలేదు. కారు మాట్లాడుకుని కృష్ణగిరి ఆస్పత్రికి తీసుకుపోయాం. ఇంటికి తాళం వేసి అమ్మా నేనూ ఇద్దరం అక్కడే ఉండిపోయాం. డాక్టరు ముక్కుకు గొట్టం పెట్టించాడు. మాట్లాడించవద్దన్నారు. మూడో రోజు మధ్యాహ్నం కొంచెం తేరుకుంది. అమ్మ కిందికి మందులకు వెళ్ళింది. అవ్వ నన్ను దగ్గరకు రమ్మని వేలు ఆడించింది.

"పాపా, రాసుకున్నావా?"

"రాసుకున్నానవ్వా," అన్నాను.

ఆమె నా మొహం చాలాసేపు చూసింది. "మొత్తమా?"

"మొత్తం రాసుకున్నాను."

"అయితే తుడిచేసెయ్," అంది. "నేను వచ్చేతలికి బోర్డు ఖాళీగా ఉండల్ల. ఇంగా రాయాల్సింది ఉండాది."

ఆమె మనసు నెమ్మదించాలని అబద్ధం చెప్పానని చాలా రోజులు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. సిగ్గుపడి చెప్పాను. ఎనిమిది రోజులు నీ రాత వైపు చూడనైనా లేదు అని ఆ గొట్టం పెట్టుకున్న మొహంతో ఎలా చెప్పేది? ఇంటికి వెళ్ళగానే మొదట చేసే పని అదే అనుకున్నాను. ఇల్లు తాళం వేసి ఉంది, బోర్డు ఎక్కడికీ పోదు అనుకున్నాను. మర్నాడు తెల్లవారాక, కాఫీ వేళకు, అవ్వ పోయింది.

మేం ఇల్లు చేరేసరికి చుట్టాలు వాకిట్లో ఉన్నారు. తాళం తీసింది నేనే. హాల్లో ఎక్కడ పడుకోబెట్టాలన్న మాట రాకముందే, మా పెద్దమ్మ, అంటే అవ్వ పెద్ద కూతురు, బోర్డు ఉన్న గోడ వైపు చోటు చూపించింది. ఆమెకు ఇష్టమైన చోటు అదే కదా అంది. ఆ మాటకు అందరూ ఏడ్చారు. తల బోర్డు కిందికి వచ్చేలా పడుకోబెట్టి, దీపం పెట్టి, ఊదుబత్తులు వెలిగించారు.

జనం వస్తూనే ఉన్నారు. అవ్వ దగ్గర చదువుకున్నవాళ్ళు, వాళ్ళ పిల్లలు, తమిళంలో అచ్చయిన కన్నీటి అంజలి పోస్టరు చూసి వచ్చినవాళ్ళు. దండలు తెచ్చినవాళ్ళు దండ వేసి, చోటు లేక వెనక్కి జరిగి గోడకు ఆనుకుని నిలబడుతున్నారు. వాళ్ళ భుజాల వెనక అక్షరాలు. నేను అవ్వ కాళ్ళ దగ్గర కూర్చుని, ఏడుస్తూ, మెడ చాచి చదవాలని చూశాను. ఒక తల పక్కకు జరిగితే ఇంకో తల. ఎక్కడో ఒక మాట, ఇంకెక్కడో సగం మాట. కళ్ళనీళ్ళలో అదీ ఆనలేదు. ఒక్క క్షణం జనం పలచబడ్డారు. చేతిలోకి ఫోను తీసుకున్నాను. అవ్వ మొహం రాకుండా పైన బోర్డు మాత్రం తీయాలని ఎత్తాను. పెద్దమ్మ నా వైపు చూసింది. తన కన్నతల్లి శవాన్ని మనవరాలు ఫోటో తీస్తోందని ఆమె అనుకున్న సంగతి ఆ చూపులోనే తెలిసింది. ఫోను దించేశాను. శవం లేచాక తీరిగ్గా కూర్చుని రాసుకుంటాను అనుకున్నాను. వాయిదా వేయడం నాకు అంతగా అలవాటైపోయింది.

మా వాళ్ళలో ఆడవాళ్ళు స్మశానానికి వెళ్ళరు. మగవాళ్ళు పాడె ఎత్తుకుని సందు మలుపు తిరగగానే ఇల్లు కడిగేయాలి, వాళ్ళు తిరిగి వచ్చేలోగా దీపం వెలగాలి. పెద్దమ్మ కొంగు నడుముకు చుట్టి, నీళ్ళు పట్టండి అంది. పనిలో పడితే ఏడుపు ఆగుతుందని ఎవరో నా చేతికి బకెట్టు ఇచ్చారు. పెరట్లో కుళాయి కింద బకెట్టు పెట్టాను. నిండగానే గుమ్మం దాకా తెచ్చి ఇచ్చాను. ఖాళీది తీసుకుని మళ్ళీ వెళ్ళాను. బుర్రలో ఏమీ లేదు. నీళ్ళు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. మూడో బకెట్టు తెచ్చినప్పుడు గుమ్మంలో ఎవరూ అందుకోలేదు, నేనే లోపలికి అడుగుపెట్టాను.

గోడ నల్లగా తడిసి మెరుస్తోంది. పెద్దమ్మ చెంబుతో పైనుంచి నీళ్ళు పోస్తోంది, మా పిన్ని చీపురుతో కిందికి తోస్తోంది. తల పెట్టిన వైపు గోడకు మైల ఉండకూడదని కడుగుతున్నారు. వాళ్ళ తప్పేమీ లేదు. ఎక్కడైనా అలాగే చేస్తారు. తెల్లటి నీళ్ళు నేల మీదుగా నా కాళ్ళ దగ్గరకు వచ్చి, గడప కింది తూములోంచి బయటికి పోయాయి. ఆ నీళ్ళు పట్టి ఇచ్చింది నేనే.

నేను అరవలేదు. ఏమని అరవాలి? బకెట్టు కింద పెట్టి, ఆ తడి నేల మీదే కూర్చున్నాను. నేను అవ్వ కోసం ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు. అవ్వ కోసమే, కానీ వాళ్ళు అనుకున్న ఏడుపు కాదు అది.

ముందు అమ్మను అడిగాను; అచ్చయి వచ్చాకే చదవడం తనకు అలవాటని, బోర్డు చదవలేదని అంది. పదకొండో రోజు దాకా వచ్చినవాళ్ళనందరినీ అడిగాను. ఆ రోజు మీరు గోడ దగ్గర నిలబడ్డారు కదా, బోర్డు మీద ఏముందో చదివారా అని. అక్షరాలు భలే గుండ్రంగా ఉన్నాయని ఒకాయన అన్నాడు. తనకు తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదని ఇంకొకామె అంది. పెద్దమ్మను అడగలేకపోయాను. అడిగితే ఆమెకు తాను ఏం కడిగిందో తెలుస్తుంది. ఆ బరువు ఒకరు మోస్తే చాలు. నోటుబుక్కు తీసుకుని, ఆరో బోర్డు మొదటి వాక్యం రాసి, కింద ఖాళీ వదిలాను. నేనే ఊహించి పూర్తి చేద్దామా అనే ఆలోచన కూడా వచ్చింది. ఒక పేజీ రాసి చింపేశాను. నా మాటలు అవ్వ నోట్లో పెట్టేంత ధైర్యం నాకు లేదు.

నెల దాటాక ఒక ఆదివారం పొద్దున వాకిట్లో ఒకామె నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి, ముదురు నీలం చీర, చేతిలో చింతపండు సంచి. టీచరమ్మ ఇల్లు ఇదేనా అని అడిగింది. అవునన్నాను. కల్లావి అవతలనుంచి మూడు బస్సులు మారి వచ్చానని చెప్పింది. కూర్చోమన్నాను. నీళ్ళిచ్చాను. అవ్వ పోయిన సంగతి ఆమెకు తెలుసు. ఆ బడిలో ఆయాగా పనిచేసిన ముసలామె చెప్పిందట. అంతకు ముందు, అవ్వ బతికి ఉండగానే, ఆ ఆయాతోనే తనకు ఇంకో కబురు కూడా వచ్చిందని చెప్పింది.

"టీచరమ్మ నా గురించి రాస్తాండాదంట. ముగిసినాక తానే వచ్చి చదివి వినిపిస్తానని చెప్పి పంపిచ్చింది," అంది. "ఆమె రాలేదు. సరే, నేనే వచ్చినాను."

ఎవరో నాకు అర్థమైంది. లోపలికి వెళ్ళి నోటుబుక్కు తెచ్చి ఆమె చేతికి ఇచ్చాను. ఆమె దాన్ని తెరవలేదు. ఒళ్ళో పెట్టుకుని అట్ట మీద అరచేత్తో నిమిరింది.

"నాకు చదవను రాదమ్మా. నాలుగో క్లాసుతో నిలిచిపోయినా. నువ్వు చదువు."

చదివాను. ఒక్కొక్క వాక్యమే, మెల్లగా. బడి గది గురించి వచ్చినప్పుడు ఆమె తల ఊపింది. చూరులో పిచ్చుకగూళ్ళ గురించి అవ్వ రాస్తే నవ్వింది. సుద్దముక్కలు దొరికిన చోట, అవి కింద పడినవే, నేను పెట్టెలో చెయ్యి పెట్టలేదు అని నాతో చెప్పింది. నలభై ఏళ్ళ తర్వాత కూడా ఆ మాట ఎవరితోనో చెప్పుకోవాల్సి వచ్చింది ఆమెకు. నాలుగో బోర్డు చదువుతూ ఉంటే ఆమె చెయ్యి పైకెత్తింది. నేను ఆపాను.

"అంటే, నేను దొంగను కాదని ఆమెకు తెలుసునా?"

"తెలుసు," అన్నాను.

"అప్పుడేనా?"

"అప్పుడే."

టీచరు కూడా తనను దొంగే అనుకుందని, అందుకే ఒక్క మాట అడ్డం రాలేదని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చిందట. ఆ ఒక్క సంగతికే సిగ్గుపడి బడికి పోలేదని, హెడ్‌మాస్టరు తిట్టింది తనకు లెక్కే కాదని మెల్లగా చెప్పింది. తర్వాత, చదువు, అంది.

అయిదో బోర్డు చదివాను. జొన్నచేలు, తుమ్మముల్లు, వాకిట్లో గిన్నెలు తోముతున్న తల్లి. ఆమె నా వైపు వింతగా చూసింది.

"మా ఇంటికి ఎవురూ రాలేదే. మా అమ్మ ఎదురుచూసింది, టీచరన్నా వచ్చి అడుగుతుందని. ఎవురూ రాలేదు."

ఎనిమిది రోజులు నేను కోపం పెట్టుకున్నది అవ్వ చేయని పని మీద. ఆమె ఆ ఇంటికి వెళ్ళనే లేదు. మాఫీ చేయించుకోనూ లేదు. నలభై ఏళ్ళు వెళ్ళలేక, ఆఖరికి మా హాలు గోడ మీద నడుచుకుంటూ వెళ్ళింది. అక్కడ ఆ తల్లికి ఏం చెప్పాలో పదహారో పదిహేడో వరసల్లో రాసింది. అది ఈమెకు చదివి వినిపించాలనుకుంది.

"పోనీలే, రాసిందాంట్లో వచ్చింది కదా," అంది ఆమె, చీర కొంగు సర్దుకుని ముందుకు వంగి. "చదువు. ఏమనిందో విందాము."

ఆ మిగిలిన ఒక్క వాక్యం చదివాను. సంచి కింద పెట్టి, చెప్పడం మొదలుపెట్టాను.

ఆమె ఎదురుచూసింది. పేజీ తిప్పుతాననుకుంది. తిప్పడానికి పేజీ లేదు. అప్పుడు చెప్పాను, అంతా. ఎక్కించుకోని ఎనిమిది రోజులు, ఆస్పత్రిలో ఆడిన అబద్ధం, కుళాయి దగ్గర నింపిన బకెట్లు. ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాను. ఆమె చేతులు లాక్కోలేదు, నన్ను ఓదార్చనూ లేదు. నా ఏడుపు ఆగేదాకా కూర్చుని, చింతపండు సంచి నా పక్కకు జరిపి, కృష్ణగిరి బస్సు ఎన్ని గంటలకని అడిగింది. పావుగంటలో ఉందని చెప్పాను. లేచింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ బోర్డు వైపు ఒకసారి చూసింది.

"ఇన్నేండ్లకు మా వాకిలికి వచ్చి నోరు తెరిచింది," అంది. "నువ్వు కడిగేసినావు కదమ్మా."

కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే.